పాత పికప్ ఎందుకంత తాగుతుంది? 1973 నుంచి మొదలయ్యే కథ

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. టెక్సాస్‌లో ఉండే మా బావ పంపాడు. "ఏరా బామ్మర్దీ, హిస్టరీ వీడియోలు చేస్తావుగా, నా పికప్ ఇంత ఎందుకు తాగుతోందో చెప్పు చూద్దాం" అని. నవ్వుతూనే అన్నాడు కానీ, విషయం నవ్వేది కాదు. పాత ఉద్యోగం పోయింది. కొత్త పని ఇంటికి 30 మైళ్ళ దూరం. మంచి కారు అక్క తీసుకెళ్తుంది, బావకి మిగిలింది 1995 మోడల్ పికప్. గ్యాలన్‌కు 11 మైళ్ళు ఇస్తోంది. మన లెక్కలో లీటరుకు 5 కిలోమీటర్లు కూడా లేదు.

దీనికి సగం జవాబు బానెట్ కింద ఉంది. మిగతా సగం వాషింగ్టన్‌లో ఉంది. ముందు వాషింగ్టన్ సంగతి చూద్దాం.

1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న ధర కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దాకా వెళ్ళింది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. దేశమంతా స్పీడ్ లిమిట్ గంటకు 55 మైళ్ళు. ఎందుకంటే, గాలి నిరోధం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ముందు భాగం గోడలా ఉండే పికప్‌కి ఈ దెబ్బ ఇంకా ఎక్కువ.

1975 డిసెంబర్‌లో అసలు చట్టం వచ్చింది. 1985 కల్లా కంపెనీలు అమ్మే కార్ల సగటు గ్యాలన్‌కు 27.5 మైళ్ళు ఉండాలన్నారు. మరి పికప్‌లు? వాటికి వేరే లెక్క. రైతు బండి, పనిముట్టు అనే ఆలోచన. 1979 మోడళ్ళ నుంచి వాటికీ లెక్క మొదలైంది కానీ, టూ వీల్ డ్రైవ్ వాటికి పెట్టింది 17.2 మాత్రమే.

ఇంకోటి వినండి. ఫోర్డ్ ఎఫ్-150 పేరు అందరూ విన్నదే. అది 1975 మోడల్‌గా వచ్చింది. లోడ్‌తో కలిపి దాని బరువు రేటింగ్ 6000 పౌండ్లకు కొంచెం పైన పెట్టారు. అప్పట్లో ఆ గీత కింద ఉన్న బండ్లకే పొగ మీద కొత్త రూల్స్ గట్టిగా వర్తించేవి. గీత దాటిస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ గొడవ లేదు. అంటే, బండిని బరువుగా చూపించడమే లాభమైంది! దీనికి తోడు 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉంది. బయటి నుంచి చిన్న, పొదుపు పికప్‌లు రావడం కష్టమైంది. కాబట్టి మా బావ బండి తాగుబోతు కావడంలో తన తప్పు కొంచెమే. దాన్ని అలా పెంచారు.

ఇప్పుడు బానెట్ కింద. 1995 నాటికి కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఎంత పెట్రోలు కొట్టాలో కంప్యూటర్ సెన్సార్లను అడిగి తేల్చుకుంటుంది. నేను కోడ్ రాసిన రోజుల్లో ఒకటి నేర్చుకున్నా: ఇన్‌పుట్ తప్పయితే కోడ్ ఎంత బాగున్నా అవుట్‌పుట్ తప్పే. అందుకే బావని ఒక్కటే అడిగా, "టెంపరేచర్ ముల్లు మధ్యదాకా వస్తోందా?" రావట్లేదన్నాడు.

దొరికింది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ వేడెక్కదు. కంప్యూటర్ ఇంకా ఇప్పుడే స్టార్ట్ అయ్యిందనుకుని అదనంగా పెట్రోలు కొడుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ మార్చాడు. ఎప్పటిదో ఆక్సిజన్ సెన్సార్ కూడా మార్చాడు. టైర్లలో గాలి సరిచేశాడు. 75లో పోయేవాడు 60కి తగ్గాడు. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని చాలామంది అంటారు. కార్బురేటర్ బండ్లలో అది కొంత నిజం. కానీ 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ పరీక్షిస్తే, ఇంజెక్షన్ కార్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వెనక టెయిల్‌గేట్ దించి నడపడం కూడా అంతే, సాధారణంగా లాభం లేదు.

బండి 14కి వచ్చింది. "మూడు మైళ్ళేగా" అని బావ నిట్టూర్చాడు. అప్పుడు లెక్క వేసి చూపించా. నెలకు 1200 మైళ్ళు. 11 దగ్గర 109 గ్యాలన్లు, 14 దగ్గర 86. అంటే 23 గ్యాలన్లు మిగులు. అదే 30 ఇచ్చే కారుని 40 ఇచ్చేలా చేస్తే? 40 గ్యాలన్లు 30 అవుతాయి, మిగిలేది 10. బాగా తాగే బండిలో చిన్న మార్పే పెద్ద మిగులు. 2008లో సైన్స్ పత్రికలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు చెప్పిందీ ఇదే, మైలేజీ అంకె మన కళ్ళని మోసం చేస్తుందని.

మీ పాత బండికీ ఇదే లెక్క వేయండి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాదు, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని. వచ్చిన అంకె కింద కామెంట్‌లో పెట్టండి. నిన్న బావ ఒక ఫోటో పంపాడు. వేరే ఏమీ రాయలేదు. డ్యాష్‌బోర్డు మీద ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. ఉంటానండి, వచ్చేవారం కలుద్దాం.