అల్వాకేరియా

అల్వాకేరియా ట్రయాసిక్ యుగపు చివరి భాగములో, 20 కోట్ల సంవత్సరాలకు పైగా పూర్వము జీవించిన చిన్న సరీసృపము. దీని శిలాజాలు ప్రాణహిత-గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి శిలాస్తరాలలో లభించినవి. శాస్త్రీయ నామము అల్వాకేరియా మలేరియెన్సిస్.

నామకరణము

1987లో శంకర్ ఛటర్జీ దీనిని మాంసాహార డైనోసారుగా వర్ణించి, బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలిక్ వాకర్ పేరున వాకేరియా అని పిలిచాడు. ఆ పేరు అప్పటికే వేరొక జలచర ప్రజాతికి ఉన్నందున 1994లో ప్రస్తుత నామము ఇవ్వబడినది.

ఆహారము

ముందు పళ్ళు నిటారుగాను, ప్రక్క పళ్ళు వెనుకకు వంగియు ఉండుటచే ఇది చిన్న జంతువులతోపాటు మొక్కలను కూడా తినెడిదని భావిస్తారు.

వివాదము

ఈ ఎముకలు వేర్వేరు జంతువులవని, తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రమే డైనోసారువి కావచ్చునని తరువాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అదే నిజమైతే, వీటన్నిటినీ కలిపి ఊహించిన జంతువు ఎన్నడూ జీవించలేదు.