సమత తీర్పు – రెండు ఋణములు

విశాఖ మన్యమున బొర్రా ప్రాంతపు భూములను ప్రభుత్వము గిరిజనేతరులకు గనులకై లీజు కిచ్చుటపై సమత సంస్థ నడపిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను. 1970లో సవరింపబడిన భూబదలాయింపు నిబంధనలు ప్రభుత్వమునకును వర్తించునని నిర్ణయించి, ఆ లీజులు చెల్లవనెను. ఇది సుప్రసిద్ధము.

మేమిచట పరిశీలించునది ఆ తీర్పులోని మరియొక యంశము. పూర్తి నిషేధము లేనిచోట గని నడపువారు నికరలాభమున కనీసము 20 శాతమును నీరు, పాఠశాలలు, వైద్యశాలలు, రహదారులకై శాశ్వతనిధిగా నుంచవలెను. అడవిని మరల పెంచుటకును, ప్రకృతిని కాపాడుటకును అగు వ్యయము ఇందులో చేరదు. కావున మొక్కలు నాటి జనుల ఋణము తీరెననుటకు గాని, బడి కట్టి అడవి ఋణము తీరెననుటకు గాని తావు లేదు. గనుల చరిత్ర వ్రాయువారు ఈ రెండు పద్దులను వేర్వేరుగా లెక్కింపవలెనని మా అభిప్రాయము.