అమెరికా పాఠశాలలు: బస్సు చుట్టూ రేగిన వివాదం

కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో లిండా బ్రౌన్ అనే నల్లజాతి బాలిక ఇంటికి చేరువలోనే ఒక పాఠశాల ఉండేది. అది శ్వేతజాతి పిల్లలకే ప్రత్యేకింపబడింది. అందుచేత ఆమె రైలు పట్టాలు దాటి, బస్సెక్కి, దూరాన ఉన్న నల్లవారి బడికి వెళ్లవలసి వచ్చేది. ఈ వ్యాజ్యాన్నీ, ఇటువంటి మరికొన్నింటినీ కలిపి విచారించిన సుప్రీంకోర్టు, ప్రభుత్వ పాఠశాలల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో ఏకగ్రీవంగా ప్రకటించింది. పిల్లలను వేరుచేయడానికి ఏళ్లతరబడి నడిచిన బస్సు, వారిని కలపడానికి బయలుదేరిన తరువాతనే రాజకీయ సమస్యగా మారిందన్నది గమనార్హం.

దక్షిణాది జాప్యం సుప్రసిద్ధమే. ఉత్తరాది పాత్ర అంతగా ప్రచారంలోకి రాలేదు. విద్యార్థుల సంఖ్యలో జాతుల అసమతౌల్యాన్ని సరిదిద్దడం ఏకీకరణ కిందకు రాదని 1964 పౌరహక్కుల చట్టంలోనే నిర్వచించారు. నివాస ప్రాంతాలనుబట్టి బడులు విడిపోయిన ఉత్తరాది నగరాలకు అది రక్షణ కవచమయింది. 1971లో షార్లెట్ నగర వ్యాజ్యంలో సుప్రీంకోర్టు బస్సు రవాణాను న్యాయసమ్మతమైన సాధనంగా ఆమోదించింది. మరుసటి మార్చిలో ఫ్లోరిడా ప్రాథమిక ఎన్నికలో బస్సు వ్యతిరేకి జార్జి వాలెస్ గెలిచిన రెండు రోజులకే, అధ్యక్షుడు నిక్సన్ కొత్త రవాణా ఉత్తర్వులను నిలుపుదల చేయాలని టెలివిజన్ ద్వారా కోరారు.

బోస్టన్ నగర పాఠశాలా సంఘం విభజనను ఉద్దేశపూర్వకంగానే కొనసాగించిందని 1974 జూన్‌లో న్యాయమూర్తి గారిటీ నిర్ధారించారు. సెప్టెంబరులో సౌత్ బోస్టన్‌లో నల్లజాతి పిల్లల బస్సులపై రాళ్లు పడ్డాయి. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీని సొంత నగర ప్రజలే తరిమారు. అయితే, అక్కడ కలపబోయినది పేద ఐరిష్ పేటల బిడ్డలనూ, పేద నల్లవారి బిడ్డలనూ. సంపన్న శివారు పట్టణాలను ఆ ఉత్తర్వు తాకలేదు.

ఇక తాకే అవకాశమూ లేకపోయింది. అయిదు వారాలకే, డెట్రాయిట్ శివారు జిల్లాలను ఏకీకరణ పథకంలో చేర్చరాదని సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. 1954 కేసు వాదించి గెలిచిన థర్‌గుడ్ మార్షల్ ఈసారి న్యాయమూర్తిగా అసమ్మతి రాయవలసి వచ్చింది. ఉద్యమానికి అసలు దెబ్బ బోస్టన్ రాళ్లకన్న ఈ తీర్పేనని చెప్పవచ్చు. షార్లెట్‌లో నగరమూ, కౌంటీ ఒకే పాఠశాలా జిల్లా గనుక శివారుకు తరలి తప్పించుకోవడం అంత సులభం కాలేదు. అక్కడ పథకం దశాబ్దాలు నిలిచింది.

నల్లజాతి అభిప్రాయం కూడా ఏకముఖంగా లేదు. 1972లో గేరీ నగరంలో జరిగిన నల్లవారి రాజకీయ మహాసభ బస్సు రవాణాను వ్యతిరేకిస్తూ తీర్మానించింది. ఇటువంటి వ్యాజ్యాలు నడిపిన డెరిక్ బెల్ సైతం, తల్లిదండ్రులు కోరుతున్నది మంచి చదువనీ, న్యాయవాదులు కోరుతున్నది జాతుల నిష్పత్తి అనీ 1976లో విమర్శించారు.

2019 జూన్‌లో ఈ వివాదం మళ్లీ తలెత్తింది. భారతీయ మాతృమూర్తి కుమార్తె అయిన కమలా హారిస్, బర్క్‌లీలో తాను అటువంటి బస్సులోనే బడికి వెళ్లానని చెబుతూ జో బైడెన్‌ను నిలదీశారు. తాను వ్యతిరేకించినది విద్యాశాఖ ఆదేశించిన రవాణానే అని ఆయన సమాధానం. 1970లలో బోస్టన్ వంటి చోట్ల ఆదేశించినవి న్యాయస్థానాలు. విద్యాశాఖకు ప్రత్యేక మంత్రిత్వం ఏర్పడినదే 1979 చట్టంతో.