ఊరి బడిలో ఉపగ్రహ పాఠం: 1975 నాటి కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ఎప్పుడు మొదలైంది? 1977 అక్టోబర్ 23న. మరి దానికి రెండేళ్ళ ముందే మన రాష్ట్రంలో కొన్ని పల్లెల్లో పిల్లలు టీవీ ముందు కూర్చుని తెలుగులో పాఠాలు చూశారంటే నమ్ముతారా? నగరానికి ఇంకా రాని టీవీ పల్లెకు ముందొచ్చింది. ఎలాగో చెప్తాను.

అప్పట్లో మనకు సొంత ప్రసార ఉపగ్రహం లేదు. అందుకని విక్రమ్ సారాభాయ్ కాలంలో, 1969లో, అమెరికా నాసాతో ఒక ఒప్పందం కుదిరింది. వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాది మనకు అరువిస్తారు. కార్యక్రమాలు మనవే, టీవీ సెట్లు మనవే. దీని పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్, పొట్టిగా సైట్. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు నడిచింది. ఆరు రాష్ట్రాలు, సుమారు 2,400 ఊళ్ళు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీవీలు తయారైంది ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనే!

డాబా మీద గొడుగు బోర్లించినట్టు, మూడు మీటర్ల వెడల్పున జాలీతో చేసిన యాంటెనా. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపారు. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. పిల్లల కార్యక్రమాలు హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు భాషల్లో, ఒక్కో భాషకీ సుమారు 22 నిమిషాలు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. టీవీకి ఒక పెద్ద లోపం ఉంది. అది చెప్తుంది గానీ వినదు. వెనక వరసలో కూర్చున్న పిల్లకి అర్థం కాలేదనుకోండి, తెర ఆగదు కదా! ఆ పిల్ల ఎవరిని అడగాలి? పక్కనున్న మాస్టారినే. మరి మాస్టారికి సైన్సు ప్రయోగాలు చేయించడం అలవాటు లేకపోతే?

అందుకే సైట్‌లో పిల్లలకే కాదు, టీచర్లకీ పాఠాలు పెట్టారు. రెండు విడతలుగా, ఒక్కోటి 12 రోజులు, సుమారు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ చూసి ఇంటికెళ్ళిపోవడం కాదండీ. టీవీతో పాటు రేడియో పాఠాలు, చేతిపుస్తకాలు, దగ్గర్లో దొరికే వస్తువులతో ప్రయోగాలు, తర్వాత కూర్చుని చర్చ. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే.

ఏడాది అయిపోయింది. ఉపగ్రహాన్ని వాళ్ళు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. తర్వాత నేల మీది ట్రాన్స్‌మిటర్లతో కొన్ని ఊళ్ళకే ప్రసారాలు అందాయి, మిగతా ఊళ్ళలో ఆ తెరలు మూగబోయాయి. కానీ శిక్షణ తీసుకున్న మాస్టార్లు బడిలోనే ఉన్నారు కదా. వాళ్ళు నేర్చుకున్న ప్రయోగాన్ని ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేరు.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. చదువు కోసమే చేసిన సొంత ఉపగ్రహం. ఈసారి దూరంగా ఉన్న తరగతి నుంచి తిరిగి ప్రశ్న అడిగే వీలు కూడా వచ్చింది. 2010లో దాని పనీ ముగిసింది. 2020లో కరోనా వచ్చింది. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో డిజిటల్ క్లాసులు మొదలయ్యాయి. మీలో చాలామంది చూసే ఉంటారు. మళ్ళీ అదే సమస్య, తెర చెప్తుంది గానీ వినదు. పిల్లలు చూశారా, అర్థమైందా అని ఆరా తీసే పని మళ్ళీ టీచర్ల మీదే పడింది.

ఇవాళ ఫోన్‌లో పాఠాలకి కొదవ లేదు. కాబట్టి మీ ఊరి బడికి కొత్తగా ట్యాబ్‌లో, స్మార్ట్ బోర్డో వచ్చిందని వింటే ఒక్క మాట అడగండి: టీచర్లకి ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇచ్చారు? 1975లో ఒక విడతకే 12 రోజులు ఇచ్చారు మరి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ ఏడాది ఆ టీవీ చూసి ఉంటే, వాళ్ళ జ్ఞాపకాలు అడిగి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఇప్పటికి యాభై ఏళ్ళు దాటింది, ఆలస్యం చేయకండి. మళ్ళీ కలుద్దాం, ఉంటానండీ.