తెరమీది దొంగ, చరిత్రలోని ఊరు



సికింద్రాబాదునుండి చెన్నపట్టణమునకు బోవు రైళ్లలో కొన్ని, బాపట్లకును చీరాలకును నడుమ స్టువర్టుపురమను చిన్న స్టేషనును దాటిపోవును. ఆ పేరు వినినంతనే మనలో ననేకులకు దొంగలు జ్ఞప్తికి వత్తురు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అను చలనచిత్రములును, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ అను చిత్రమును వెలువడినవి. ఒక యూరి పేరు దొంగతనమునకు మారుపే రెట్లయ్యెనో నేడు విచారింతము.

ఆ యూర నివసించు ఎరుకలవారి పూర్వులలో పెక్కండ్రు బేరగాండ్రు. ఎడ్లమీదను గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును లోనాటి పల్లెలకు జేర్చి, మారుగా ధాన్యము గొనివచ్చెడివారు. బుట్టలల్లుట, సోదె చెప్పుట వారి యితర వృత్తులు. పందొమ్మిదవ శతాబ్దమున దొరతనమువారి ఉప్పు కట్టడులును, రైలుమార్గములును ఆ బేరమును గూల్చెను. బ్రతుకుతెరువు కోల్పోయి తిరుగువాడు సర్కారు కంటికి అనుమానితుడయ్యెను.

1871లో నేరస్థజాతుల చట్టము పుట్టినది. 1911 నాటి చట్టముతో నది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. నేరమును పుట్టుకతో ముడివేయుట దాని స్వభావము. తరువాత నాలుగేండ్లు తిరుగకమునుపే, సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంస్థ యాజమాన్యమున స్టువర్టుపురము సెటిల్మెంటు వెలసెను. మద్రాసు ప్రభుత్వమున నున్నతాధికారియైన హెరాల్డు స్టువర్టు పేరే దానికి బెట్టిరి. అచ్చటివారు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలైరి. ఆ చట్టము 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1952 ఆగస్టు 31న దేశమంతటను రద్దయ్యెను. చట్టము పోయినను అది వేసిన ముద్ర పోలేదు.

ఇక చిత్రము మాట. వంశీ దర్శకత్వమున రవితేజ నటించిన ‘టైగర్ నాగేశ్వరరావు’లో రైలుదోపిడి మున్నగు ఘట్టము లున్నవి. అంతకంటె గమనింపదగినది కథ చెప్పిన తీరు. మొదట నొక పోలీసు అధికారి చెప్పును. అందు నాయకుడు క్రూరుడు. పిదప నాతని నెరిగిన ఊరివాడు చెప్పును. అందాతడు తనవారిచే దొంగతనములు చేయించి లాభము దిను అధికారబలులను ఎదిరించినవాడు. మనుష్యు డొక్కడే, చెప్పువా రిద్దరు. సర్కారు కాగితములలో చిరకాలము మొదటి గొంతుకయే వినబడెను. రెండవదానికి తెరపై చోటు దొరకుట మేలే.

అయినను లోప మొకటి కలదు. దొంగను గొప్పవానిగా జూపినంతమాత్రమున ఆ యూరిమీది నింద తొలగదు. ఆ యూర దొంగలు గానివారి బ్రతుకు ఇందును మరుగుననే యుండెను. మహాకవి జాషువా కుమార్తె హేమలతయు, ఆమె భర్త లవణమును 1970లలో నచ్చట దొంగతనమును మాన్పింప పూనుకొనిరి. దొంగతనము విడిచి, పొలము దున్ని, బిడ్డలను బడికి బంపినవారి కథయు చరిత్రయే. దానిని చిత్రముగా దీయువారికి దోపిడి ఘట్టము దొరకదు. గాని ధైర్యసాహసములకు గొదవయుండదు.

పల్లెలలోని పెద్దలకు మనవి. చిత్రము చూచి సంతోషింపుడు; తప్పులేదు. ఆ యూరి బాలు డెవడైన మీ బడిలో జేరి తన యూరి పేరు చెప్పినప్పుడు తోడి పిల్లలు నవ్వినచో, ఉప్పు మోసిన యెడ్ల కథ ముందుగా వారికి జెప్పుడు.