రాయి పాడిన స్తుతి

గ్రీకు భాషలో 'పెట్రా' అనగా బండ. ఆంగ్లములో బండకు 'రాక్' అని పేరు. ఊగుట అను వేరొక అర్థముగల అదే అక్షరముల మాట ఇరువదవ శతాబ్ది నడుమ పుట్టిన ఒక హోరు సంగీతమునకు కూడ పేరైనది. 1972లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, ఫోర్ట్ వేన్ పట్టణములో, బాబ్ హార్ట్‌మన్ అను గిటారు వాద్యకారుడు మరి ముగ్గురితో కలసి క్రైస్తవ గీతములను ఆ సంగీతములో పాడు బృందమును నెలకొల్పి దానికి పెట్రా అని పేరు పెట్టినాడు. పదునేడేండ్ల తరువాత, 1989లో, ఆ బృందము వెలువరించిన ఆరాధన గీతసంపుటము పేరు 'పెట్రా ప్రెయిజ్: ది రాక్ క్రైజ్ అవుట్'. యేసు యెరూషలేమునకు వచ్చునపుడు శిష్యులు ఎలుగెత్తి స్తుతించినారనియు, వారిని గద్దింపుమని పరిసయ్యులు కోరగా, వీరు మిన్నకున్నచో రాళ్లే అరచునని ఆయన బదులు చెప్పినాడనియు లూకా సువార్తలో ఉన్నది. ఆ రాయియు, ఈ బృందమును, ఆ సంగీతమును ఒక్క మాటలో ఇమిడినవి. అనువాదకునికి మాత్రము ఇది గండమే. తెలుగులో రాయి మిగులును, సంగీతము జారిపోవును.

పేరులో చమత్కారమే కాక ఒక జవాబు కూడ ఉన్నది. 1969లో లారీ నార్మన్ 'అపాన్ దిస్ రాక్' అను సంపుటమును (అందును ఇదే శ్లేష) వెలువరించిన నాటినుండి, ఈ సంగీతము దేవునికి తగునా అను వివాదము అమెరికా సంఘములలో చల్లారలేదు. రాక్ రికార్డులను వెనుకకు త్రిప్పి వినిన సైతాను పలుకులు వినబడునని కొందరు ప్రచారము చేసినారు. పెట్రా బృందము 1982 నాటి తన సంపుటములో ఒక పాటకు ముందు బుద్ధిపూర్వకముగా ఒక మాటను తలక్రిందులుగా చేర్చినది. శ్రమపడి త్రిప్పి వినినవానికి, దేవుని వెదకవలసినవాడవు సైతానును వెదకెదవేల అను మందలింపు దక్కును. 1987లో జిమ్మీ స్వాగర్ట్ అను ప్రసిద్ధ ప్రచారకుడు, క్రైస్తవ రాక్ గొఱ్ఱెతోలు కప్పుకొన్న తోడేలని ఒక గ్రంథమే ప్రకటించినాడు. రాక్ తొలితరపు గాయకులలో పేరు మోసిన జెర్రీ లీ లూయిస్ ఈయనకు దగ్గరి చుట్టము. ఇద్దరును లూయిజియానాలోని ఫెరిడే పట్టణమువారే. చుట్టరికమునకు భయపడిన కోపము కొంత ఆ గ్రంథములో ఉన్నదని నాకు తోచును.

ఇంతలో వేరొక పాయ నెమ్మదిగా ప్రవహించుచుండినది. కాలిఫోర్నియాలో కోస్టా మెసా పట్టణమునందలి కాల్వరీ చాపెల్ సంఘమునకు జుట్టు పెంచుకొన్న యువకులు గిటార్లతో వచ్చి చేరినారు. ఆ సంఘము ఆశ్రయమున 1971లో 'మారనాథా మ్యూజిక్' అను ప్రచురణసంస్థ పుట్టినది. 1974లో అది వెలువరించిన 'ది ప్రెయిజ్ ఆల్బమ్' ఒక వరుసకు మొదటిది. అందలి పాటలు చిన్నవి, సులభమైనవి. రెండుమూడు మార్లు వినినవాడు పుస్తకము చూడకయే పాడగలడు. వాటికి వేదిక అక్కరలేదు.

1989 నాటి సంపుటములో ఈ రెండు పాయలు కలసినవి. అప్పటి ముఖ్యగాయకుడు జాన్ ష్లిట్ మునుపు 'హెడ్ ఈస్ట్' అను లౌకిక రాక్ బృందములో పాడి, 1986లో పెట్రాలో చేరినవాడు. గీతనిర్మాణము చేసిన ఎలిఫాంటే సోదరులలో జాన్ అనునతడు 'కాన్సాస్' బృందపు పూర్వగాయకుడు. వీరు కూర్చిన పాటలలో చాల భాగము సంఘములలో అప్పటికే వాడుకలోనున్నవి. అంతవరకు పెట్రా పాటలు వినువానినుద్దేశించినవి. యువకుని హెచ్చరించుట, యుద్ధమునకు సిద్ధపరచుట, వెన్ను తట్టుట వాటి పని. వాటిలో 'నీవు' అనగా శ్రోత. ఈ సంపుటములో 'నీవు' అనునది చాల పాటలలో దేవునివైపు తిరిగినది. చూచుటకిది సర్వనామపు మార్పే. కాని దానితో గాయకుని స్థానము మారినది. శ్రోతకు ఎదురుగా నిలచినవాడు వచ్చి శ్రోత ప్రక్కన నిలచి, అతడు చూచు వైపే చూడవలసివచ్చినది. చప్పట్లకై పాడినవానికి ఇది చిన్న త్యాగము కాదు. ఈ సంపుటముయొక్క విలువ నా దృష్టిలో ఇక్కడ ఉన్నది; గిటార్ల ఉరుములో కాదు.

ఈ సర్వనామమును గూర్చి ఒక మాట. ఆంగ్లేయుల పాత స్తోత్రములలోని 'దౌ' ఒకప్పుడు చనువు మాటయే. కాలక్రమమున అది గుడిలో మాత్రమే వినబడు గంభీరపదమైనది. క్రొత్త గీతములు దానిని విడిచి వాడుకలోని 'యూ'ను చేపట్టినపుడు పెద్దలు నొచ్చుకొన్నారు. మనకా చిక్కు లేదు. హిందీ క్రైస్తవుడు పెద్దలను 'ఆప్' అని మన్నించి దేవుని 'తూ' అనును. తెలుగువాడు గురువును 'మీరు' అని దేవుని 'నీవు' అనును. భక్తులు మనకిచ్చిపోయిన చనువిది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తును తెలుగు కీర్తనలో నిలిపినపుడు పల్లవిని, రాగతాళములను మన సంప్రదాయమునుండియే గ్రహించినాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరచినచో పాట తలమీద రాగము, తాళము కనబడును. మరాఠీలో నారాయణ వామన్ టిళక్ (1861–1919) అభంగమును అట్లే ఆశ్రయించినాడు. పల్లవి జనముకొరకు పుట్టినది. చరణము పాడినవాడు ఆగును, గోష్ఠి అందుకొనును. తాళములు, మృదంగము తప్ప వేరు సాధనములేని ఆ భజనలో పెద్దగొంతువాడును నలుగురిలో ఒకడే.

విద్యుత్ గిటారుకు ఈ అణకువ స్వభావముచేత రాదు. పెట్రా గాయకుడు ఎంత ప్రక్కకు జరిగినను, అతని గొంతును లౌడుస్పీకర్లు ముందుకు త్రోయుచునే ఉండును. పైగా ష్లిట్ తారస్థాయిలో అలవోకగా పాడువాడు. సామాన్యుడు ఆ శ్రుతిని అందుకొనలేడు. పాట జనమునకు ఇచ్చిరి, ఎత్తు మాత్రము గాయకునియొద్దనే ఉంచుకొనిరి. దీనికి వ్యాపారము కూడ తోడైనది. 1988లో ఓరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్‌లో సంఘములకు గీతముల మాటలను నకలు తీసుకొను హక్కును ఏటేటి రుసుముపై ఇచ్చు సంస్థ ఒకటి వెలసినది. దానితో పాట పుస్తకమును విడిచి తెరమీదికెక్కుట సులభమైనది. స్తోత్రపుస్తకము చేతబట్టినవాడు నాలుగు స్వరపంక్తులలో తన పంక్తిని చూచుకొని పాడెడివాడు. తెర చూచువానికి మాటలు మాత్రమే కనబడును, స్వరము వేదికమీదనుండి రావలెను.

పెట్రా 1997లో రెండవ ఆరాధన సంపుటమును వెలువరించినది. అప్పటికి దారి ఏర్పడినది. 2000లో జార్జియా రాష్ట్రపు 'థర్డ్ డే' అను రాక్ బృందము 'ఆఫరింగ్స్' అను ఆరాధన సంపుటమును ప్రకటించినది. అందు కొన్ని పాటలు సంగీతశాలలో ముద్రించినవి, కొన్ని కచేరీలో జనసమక్షమున ముద్రించినవి. ఈ రెండవ విధపు పాటలలో జనుల గొంతు కూడ వినబడును. వాద్యములు తగ్గినచోట అది పైకి వచ్చును, డ్రమ్ములు తిరిగి మ్రోగగనే మునుగును.