గుండమ్మ మొగుడు ఎప్పుడు పోయాడు?

‘గుండమ్మ కథ’ చూసిన ప్రతిసారీ నాకొక తిక్క సందేహం వస్తుంది. గుండమ్మ మొగుడు ఎప్పుడు పోయినట్టు? 1956 జూన్ 17కి ముందా, తరవాతా?

నవ్వకండి. తూర్పు గోదావరిలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. ఎన్టీ రామారావు పిండి రుబ్బుతుంటే హాలంతా సావిత్రి మొహం చూస్తుంది. నేను మాత్రం ఆ ఇల్లు ఎవరి పేర ఉందా అని ఆలోచిస్తూ కూచుంటాను.

హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది ఆ తేదీనే. ఆయన ఆ తరవాత, వీలునామా రాయకుండా పోయి ఉంటే, స్వార్జితం నాలుగు వాటాలు: భార్య గుండమ్మకొకటి, కొడుకు ప్రభాకర్‌కొకటి, సరోజకొకటి, మొదటి భార్య కూతురు లక్ష్మికొకటి. అంటే చాకిరీ అంతా నెత్తినేసుకుని సవతి తల్లి చేత చివాట్లు తినే ఆ పిల్ల పావలా వంతు యజమానురాలు. ముందే పోయి ఉంటే లెక్క వేరు. 1937 నాటి చట్టం ప్రకారం గుండమ్మకి కొడుకుతో సమానంగా సగం వస్తుంది, అదీ బతికున్నంత కాలం అనుభవించడానికే. అమ్ముకోవడానికీ ఇష్టమైనవాళ్ళకి రాసివ్వడానికీ వీల్లేదు. ఆడపిల్లలిద్దరికీ గుండుసున్న.

సినిమా వచ్చింది 1962 జూన్ 7న. మాటలు డి.వి. నరసరాజు, దర్శకత్వం కమలాకర కామేశ్వరరావు, తీసింది విజయా వారు. రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకి పేరు మాత్రం గయ్యాళిది. నిర్మాత చక్రపాణి తెగింపు అది. అందులో వాటాల ఊసే లేదు. ఉండాలనీ నేను అనను, అది వినోదం కోసం తీసింది. కానీ సూర్యకాంతం నోటికి జనం అంతగా జడుసుకుని అంతగా నవ్వారంటే, అలాంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉండబట్టే కదా.

కాకినాడ దగ్గర వెంకట కృష్ణరాయపురంలో 1924లో పుట్టిన సూర్యకాంతం, 1950లో ఎల్వీ ప్రసాద్ తీసిన ‘సంసారం’తో గయ్యాళి పాత్రలకి స్థిరపడింది. ఎడం చెయ్యి విసురుతూ మాట్లాడే ఆ తీరు ఆవిడ సొంతం. షూటింగుకి ఇంట్లో వండించి తెచ్చి అందరికీ వడ్డించేదని ఆవిడతో పనిచేసినవాళ్ళంతా చెప్పారు. అయినా ఆ పేరు పిల్లలకి పెట్టుకోవడానికి మాత్రం జనం వెనకాడారు.

మా ఇంట్లో అలాంటి మనిషి మా నాన్నగారి మేనత్త. మామ్మ అనేవాళ్ళం. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అత్తారి వైపు నించి మనోవర్తి కింద ఏటా సంక్రాంతి దాటాక ధాన్యం బండి వచ్చేది. ఆ రోజు మా అరుగు మీద కోర్టే. బస్తా మూతి విప్పించి, గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటి కింద పెట్టి కొరికేది. టక్కుమంటే ఆరిన ధాన్యం, మెత్తగా నలిగితే తడి. తరవాత చేట తెప్పించి చెరిగేది. తాలు ఒక పక్క, గట్టి గింజ ఒక పక్క. ఆ పైన మా ఇంటి కుంచంతోనే కొలవాలి, వాళ్ళు తెచ్చిన కుంచం పనికిరాదు. బండివాడు కాడి పట్టుకుని నేల చూపులు చూస్తుండేవాడు.

“తాలు మెయ్యడానికి మీ దొరగారింట్లో దూడలున్నాయిగా, మా ఇంటికెందుకురా పంపడం? మళ్ళీ ఎక్కించు!” అని వీధి వీధంతా వినేట్టు అరిచేది. ఊళ్ళో అందరూ గయ్యాళిదనేవారు. లోపల కూచుని మా నాన్నగారూ అదే గొణిగేవారు. ఆ ధాన్యం తినేది మాత్రం మేమే.

అలాగని ఆవిణ్ణి దేవతని చెయ్యబోను. మా అమ్మని ఏడిపించుకు తింది. పాలు ఎన్ని కాచావు, ఉప్పు ఎంత పోశావు, ఆ కూర ఎవరికి దాచావు అని రోజంతా ఆరాలే. ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. భానుమతి రామకృష్ణ ‘అత్తగారి కథలు’ చదివి ఊరంతా పకపకా నవ్వుకుంటుంటే, మా అమ్మ నాలుగు పేజీలు చదివి పుస్తకం మూసేసింది.

ఆ మనోవర్తి కాగితం నకలు నేను వృత్తిలో పడ్డాక చదివాను. యావజ్జీవం అనుభవించవలసినది, దాన విక్రయాది హక్కులు లేవు అని ఉంది. తడి ధాన్యం పంపితే ఏం చెయ్యాలో అందులో లేదు. దానికి ఆవిడ నోరే దిక్కు. 1937 చట్టం పొలాలకి వర్తించదన్నారు. మన వైపు ఆస్తంటేనే పొలమాయె. దాన్ని పొలాలకి వర్తింపజెయ్యడానికి మద్రాసులో 1947లో విడిగా ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. మామ్మ లాంటివాళ్ళ వయసంతా ఆ సందులోనే గడిచిపోయింది.

1956 వారసత్వ చట్టంలో పధ్నాలుగో సెక్షను వచ్చి, విధవరాలి చేతిలో ఉన్న ఆస్తి ఇక పూర్తిగా ఆవిడదేనంది. అయితే మనోవర్తి కింద రాజీ కాగితం రాసి ఇచ్చిన భూమి సంగతేమిటి? ఈ పేచీ తేల్చింది మన ఆంధ్రదేశపు కేసే, తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి. 1931లో భర్త పోయిన ఆవిడకి, 1949లో రాజీ మీద కొంత ఆస్తి జీవితకాలపు హక్కుతో దక్కింది. ఆవిడ అందులో కొంత కౌలుకిచ్చి కొంత అమ్మితే, అమ్మడానికి నువ్వెవరని భర్త సోదరుడు 1961లో దావా వేశాడు. గుండమ్మ తెర మీదికి రావడానికి ఏడాది ముందు! సుప్రీంకోర్టు 1977లో ఆస్తి ఆవిడదేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చాక మా అరుగు మీద ముసలమ్మల సందడి పెరిగింది. అప్పటిదాకా వాళ్ళని నిశానీ వెయ్యడానికే తీసుకొచ్చేవారు, ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పాత కాగితం చదివించుకునేవారు.

గుండమ్మ ఇంట్లో పనివాడుగా చేరి పిండి రుబ్బిన ఆ రామారావే ముఖ్యమంత్రి అయ్యాక, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ పుట్టుకతో వాటా ఇస్తూ 1986లో చట్టం తెచ్చాడు. కూతుర్ని అలా కొడుకు సరసన నిలబెట్టడంలో దేశంలో మనదే మొదటి రాష్ట్రం. 1985 సెప్టెంబరు 5 నించి వర్తింపు, ఆ తేదీకి ముందు పెళ్ళయిన ఆడపిల్లలకి అప్పట్లో లేదు. ఇహ చూడండి, అన్నదమ్ములు చెల్లెళ్ళ పెళ్ళి శుభలేఖలు బీరువాల్లోంచి తీసి పట్టుకొచ్చారు, లగ్నం ఏ తేదీనో చూపించడానికి. తేదీ కలిసిరానివాళ్ళు హక్కు విడుదల దస్తావేజు రాయమనేవారు. పసుపు కుంకుమల కింద ఇంత ముట్టిందనీ, ఇక ఏ హక్కూ లేదనీ. దేశమంతటికీ ఆ వాటా వచ్చింది 2005లో.

2013లో ‘అత్తారింటికి దారేది’ వచ్చినప్పుడు మా మనవడు తీసుకెళ్ళాడు. మేనల్లుడు మారు పేరుతో అత్త ఇంట్లో డ్రైవరుగా చేరతాడు. రామారావు పనివాడుగా చేరినట్టే. గడప మారింది గానీ దూరే పద్ధతి మారలేదు. నదియా అత్త అరవదు, చెయ్యి విసరదు, చల్లగా చూస్తుంది. తండ్రికి దూరమైన కూతురు. పుట్టింటికి రమ్మని కాళ్ళావేళ్ళా పడతారు. తాత కట్టిన అన్ని కోట్ల వ్యాపారంలో ఆవిడ వాటా ఎంతో ఒక్కరైనా అంటారేమోనని చివరిదాకా చూశాను. అనలేదు. మా మనవడు పక్కన కూచుని ఏడుస్తున్నాడు, నేను నోరు మూసుకున్నాను.

అరుగు మీద నాకు తెలిసిన గయ్యాళులు ఇంకో రకం. హక్కు విడుదలకి అన్నతో వచ్చి, కొత్త చీర కట్టుకుని బెంచీ మీద కూచుని, సంతకం వేళకి “ఒకసారి చదవండి మేస్టారూ” అనేవాళ్ళు. చదువుతాను. సర్వే నంబరు దగ్గర ఆపి, “దిగువ చేను కూడా ఇందులోనే ఉందా?” అని అడుగుతారు. ఉందంటాను. కలం మూత పెట్టేసి లేచిపోయినవాళ్ళు ఉన్నారు. వెళ్ళిపోయాక అన్నగారు నా వైపు తిరిగి, “మా చెల్లెలు మొదట్నించీ గయ్యాళిదండీ” అనేవాడు. స్టాంపు కాగితం పాడైనందుకు డబ్బులు ఆయన దగ్గరే పుచ్చుకునేవాణ్ణి.